ఆదివారం రాత్రి, అచావో రేడియోలో

కాస్త్రో నుంచి ఆఖరి బస్సు, ఆపైన పడవ,
ఆపైన వాన.
చిలోయె దీవుల్లో వాన గురించి ఎవరూ మాట్లాడరు,
చేప నీళ్ళ గురించి మాట్లాడదు కదా.

స్టేషన్ అంటే ఒక గది, కట్టెల పొయ్యి,
రెండు మైకులు, ఒక పాత ల్యాప్‌టాప్.
దాన్లో లైనక్స్ పెట్టింది నేనే, మూడేళ్ళ కిందట,
లైసెన్సులకు డబ్బుల్లేక కొంత,
నా మొండితనం కొంత.

"ఎదువీనా, శుక్రవారం నుంచీ దీనికి ఉలుకూ పలుకూ లేదు"
అన్నాడు బల్దొమేరో మన్సిల్యా,
ఎనభైకి దగ్గరపడ్డ అనౌన్సరు,
తన గొంతే పోయినంత నెమ్మదిగా.

శుక్రవారం కొత్త కెర్నల్ వచ్చి కూర్చుంది.
కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు
అన్నీ సర్దేసి అసలుది మరిచింది.
కార్డు పేరుండాల్సిన చోట
'డమ్మీ అవుట్‌పుట్' అని ఒక్క ముక్క.
బొమ్మకి గీసిన నోరు.

ఫర్మ్‌వేర్ ప్యాకేజీ తక్కువైంది. దించాను.
పదకొండు మెగాబైట్లు దిగేసరికి
రెండు విడతల మాతే తాగాం.
రీబూట్. కార్డు కనపడింది, డ్రైవర్ ఎక్కింది,
లాగ్‌లో ఎక్కడా ఎర్ర అక్షరం లేదు.
అయినా నిశ్శబ్దం.

తప్పు దొరికితే దాన్ని తిట్టుకోవచ్చు,
అన్నీ ఒప్పయినప్పుడు ఎవర్ని తిట్టను?

మిక్సర్ తెరిచాను.
మాస్టర్ గడి కింద రెండు చిన్న ఎమ్‌లు.
మ్యూట్.
ఒక్క మీట నొక్కాను.
ఊరూ పేరూ తెలియని పరీక్ష గొంతు ఒకావిడది
"ముందు ఎడమ" అంది.
"ముందు కుడి" అంది.
ముసలాయన ఎడమకీ కుడికీ తల తిప్పాడు, బడిపిల్లాడిలా.

తర్వాత నవ్వాల్సిన మనిషి నవ్వలేదు.

"అయితే నిన్న నేను చెరిపేసింది
ఖాళీ ఫైలు కాదన్నమాట."

ఎనభై ఆరో సంవత్సరం క్యాసెట్ అది.
దీవులకి ఫోన్లు లేని రోజుల్లో
కబుర్లు చదివే అరగంట. వాళ్ళక్క రొసాల్బా గొంతు.
నిన్న పెట్టి చూస్తే చడీచప్పుడూ లేదు,
బూజుపట్టిన క్యాసెట్ ఖాళీగానే ఎక్కిందనుకున్నాడు,
చోటు కలిసొస్తుందని తీసేశాడు,
చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. పద్ధతైన మనిషి.

గోడ గడియారం పదకొండూ పది.
నేను నీళ్ళు నమిలాను.
ఎందుకంటే నేనూ పద్ధతైన మనిషినే.

ఈ డిస్కులో తిరిగే చక్రం లేదు, సూది లేదు,
ఉన్నవల్లా అరలు.
ఒక్కో అర ఇన్నిసార్లే రాయించుకుంటుంది, ఆపైన అరిగిపోతుంది.
మనం చెరిపామనుకున్నది అక్కడే పడుంటుంది,
జాబితాలో పేరు కొట్టేసిన మనిషి
ఇంకా ఊళ్ళోనే తిరిగినట్టు,
ట్రిమ్ వచ్చి
'ఇవి ఇక అక్కర్లేదు' అని డిస్కు చెవిన వేసేదాకా.

అది వారానికోసారి వచ్చేలా పెట్టింది నేనే.
ప్రతి సోమవారం, సున్నా గంటలకి.
డిస్కు ఆయుష్షు కోసం.

టైమర్ ఆపబోయి ఒక అక్షరం తప్పు కొట్టాను.
మళ్ళీ కొట్టాను. ఆగింది.
జేబులోని పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి
డిస్కుని చదవడానికి మాత్రమే తెరిచి,
ఇక దానిమీద చుక్క కూడా రాయనివ్వకుండా
గుడ్డివాడు గోడ తడిమినట్టు తడుముతూ పోయాను.
పొయ్యిలో కట్టెలు ఆయనే ఎగదోస్తున్నాడు.

తెల్లారి నాలుగింటికి పందొమ్మిది నిమిషాలు దొరికాయి.

"అపియావో దీవి, దోన్యా ఉమిలియానాకి:
పంది అమ్ముడైంది. గురువారం రేవుకి బండి తీసుకురా.
క్వెహుయి, బర్రీయా వాళ్ళకి:
ఆడపిల్ల పుట్టింది, తల్లి క్షేమం, పేరు ఇంకా"

అక్కడ తెగింది.

మిగతా పదకొండు నిమిషాల చోట
శబ్దం రప్పించడానికి నేను దించిందే కూర్చుందేమో.
ఆయనకి చెప్పలేదు.

"ఆ పిల్ల ఇప్పుడు రేవులో టికెట్లు కోస్తుంది" అన్నాడు,
"నోరు పెద్దది."

దొరికినదాన్ని రెండుచోట్ల దాచాను.
టైమర్ మళ్ళీ పెట్టాను, సోమవారానికే.
డిస్కు కూడా బతకాలి కదా.

రేవులో ఆవిడ చిల్లర లేదని నామీద అరిచింది.
చాలాసేపు విన్నాను.